అల్ట్రా పరుగుకు స్నేహితుడి తోడుగా వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి జూ పార్క్ రోడ్డులో పొద్దున్నే పరిగెత్తేవాళ్లలో ఏటా ఒకరిద్దరికి మారథాన్ చాలకుండా పోతుంది. యాభై అంటారు, వంద అంటారు. వారం తిరక్కుండానే వాళ్ల స్నేహితుల దగ్గర్నుంచి నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, వాడు తోడు రమ్మంటున్నాడు, నేనేం చెయ్యాల?" నేను పరిగెత్తేవాణ్ని కాదు. ఒకే మిత్రుడి వెనక నాలుగుసార్లు బండి వేసుకుని తిరిగాను. అందులో ఒకసారి ఘోరంగా తప్పు చేశాను. అడిగినవాళ్లందరికీ చెప్పిందే చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ఒప్పుకునే ముందు

అల్ట్రా అంటే ఎంత దూరం? మారథాన్‌కన్నా కాస్త ఎక్కువ, అంతేనా?

మారథాన్ 42.195 కి.మీ. దానికి మించినదేదైనా అల్ట్రానే. ఎక్కువగా 50 కి.మీ., 100 కి.మీ., 100 మైళ్లు, అంటే 161 కి.మీ. ఉంటాయి. 12 గంటల్లో, 24 గంటల్లో ఎంత దూరం పోతారో లెక్కేసే పరుగులూ ఉన్నాయి. లడఖ్‌లో ఖర్దుంగ్ లా పరుగు 72 కి.మీ. ఏథెన్స్ నుంచి స్పార్టా దాకా పరిగెత్తే స్పార్టథ్లాన్ 246. దూరం పెరగడం ఒక్కటే తేడా కాదు. మారథాన్‌లో కాళ్లు అలుస్తాయి. వంద కి.మీ.లలో కడుపు మొరాయిస్తుంది, నిద్ర మీద పడుతుంది. ఎత్తు వస్తే నడుస్తారు. అది ఓటమేం కాదు, దాన్నీ లెక్కలో వేసుకునే బయల్దేరతారు. మామూలు రన్నర్‌కు వంద కి.మీ. పూర్తిచెయ్యడానికి పదిహేను గంటలు పట్టినా ఆశ్చర్యపోకండి.

నేను కిలోమీటరు కూడా పరిగెత్తలేను. నాతో అవుతుందా?

అవుతుంది. కాలినడకన కొండకు వచ్చేవాళ్లకు చిత్తూరు రోడ్డు పక్కన గొడుగేసుకుని మజ్జిగ పోసేవాళ్లను చూశారు కదా. వాళ్లలో ఎంతమంది నడిచి కొండెక్కుతారు? మీ పనీ అలాంటిదే. బండి నడపడం, రాత్రంతా మేలుకోవడం, మొహం మీద తిట్టినా ఉడుక్కోకపోవడం వస్తే చాలు. పరుగు తెలిసినవాడికైతే ఇంకో చిక్కు: వాడు స్నేహితుడి పరుగును తన పరుగులా నడిపించాలని చూస్తాడు.

ఒక్కణ్నే వెళ్తే సరిపోతుందా?

50 కి.మీ. అయితే సరిపోతుంది. రాత్రి కూడా సాగే పరుగైతే ఇద్దరు ఉండాల్సిందే. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలి. నలుగురైదుగురు వస్తే మాత్రం అది పిక్నిక్ అయిపోతుంది. బండిలో పాటలు, బిర్యానీ పొట్లాలు, ఆ మధ్యలో పరిగెత్తేవాడికి ఉప్పు బిళ్లలు దొరకవు.

పోటీ కాదు, సొంతంగా తిరుపతి నుంచి కాణిపాకం పరిగెత్తి వెనక్కి వస్తానంటున్నాడు. సరే అనమంటారా?

ఒకవైపే దాదాపు 70 కి.మీ. మొదటిసారే రానుపోను అంటే నేను ఒప్పుకోను. వినాయకుడికి దండం పెట్టుకుని బండెక్కి రమ్మంటాను. దూరంకన్నా నాకు భయం రోడ్డు గురించి. చంద్రగిరి దాటాక పూతలపట్టు దాకా లారీలు ఆగకుండా పోతుంటాయి. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి అంచున పరిగెత్తాలి, పగలైనా మెరిసే జాకెట్ వేసుకోవాలి. వాడి వెనకే హెడ్‌లైట్లు వేసుకుని మెల్లగా బండి పోనివ్వడం చాలామంది చేస్తారు. సినిమాలో బాగుంటుంది గానీ, వెనక నుంచి వేగంగా వచ్చేవాడు ముందు మిమ్మల్నే గుద్దుతాడు. నాలుగైదు కి.మీ. ముందుకు వెళ్లి, రోడ్డు దిగి, బండి ఆపి ఎదురుచూడండి.

నన్నడిగితే మొదటిసారికి ఐదారు కి.మీ. చుట్టు ఒకటి పెట్టుకుని దాన్నే తిరగడం మేలు. వాడికి విసుగొస్తుంది, నిజమే. మీకు మాత్రం స్వర్గం. గంటకోసారి మనిషి మీ కళ్లముందుకు వస్తాడు, మరుగుదొడ్డి ఒకేచోట ఉంటుంది, ఐస్ డబ్బా కదిలించే పని ఉండదు.

అలిపిరి మెట్లు ఐదుసార్లు ఎక్కి దిగి అల్ట్రా అనిపించుకుంటాడట. తోడు వెళ్లొచ్చా?

వద్దనండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కి.మీ. శ్రీవారి మెట్టు చిన్నది, 2,388 మెట్లు. రెండూ మొక్కు ఉన్నవాళ్లు నడిచే దారులు. ముసలమ్మలు మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతుంటే మనవాడు గడియారం చూసుకుంటూ వాళ్లను తోసుకుని పోవడం బాగుండదు. పైగా 2023లో చిరుత దాడి జరిగాక పిల్లలతో నడిచే వేళల మీద టీటీడీ ఆంక్షలు పెట్టింది. అంటే అడవి అంత దగ్గర్లో ఉంది. ఇక మెట్లు దిగడం గురించి: తొడ కండరాలను అంతగా చితక్కొట్టేది ఇంకోటి లేదు. సాధన కోసం వారానికోసారి భక్తుడిలాగే ఎక్కి, దర్శనమయ్యాక బస్సులో దిగి రమ్మనండి.

ఏ నెలలో పెట్టుకోవాలి?

సంక్రాంతికి అటూ ఇటూ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటివారాల దాకా తుపాను వానలు. 2021 నవంబర్ వరదలో తిరుపతి వీధులు ఎలా పారాయో చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

## ముందు వారాల్లో

పరుగుకు ముందు వాడితో ఏం మాట్లాడుకోవాలి?

ఒక సాయంత్రం టీ తాగుతూ నాలుగు విషయాలు అడిగి కాగితం మీద రాసుకోండి. మొదటిది, వాడేం కోరుకుంటున్నాడు: ఫలానా సమయమా, పూర్తిచేస్తే చాలా, ఎంత దూరమైతే అంతేనా? రెండోది, రోజూ వేసుకునే మాత్రలు, బీపీ, షుగర్, పడని మందులు. మూడోది, ఏ మాట అంటే వాడికి ఒళ్లు మండుతుంది. మా వాడికి "ఇంకెంతో లేదు" అంటే మండుతుంది. ఇంకా ముప్పై ఉన్నప్పుడు ఆ మాట అబద్ధమని వాడికి తెలుసు.

నాలుగోదే అసలైనది: ఏ పరిస్థితిలో మీరు వాడి మాట వినకుండా ఆపేస్తారు? అది వాడు మామూలుగా ఉన్నప్పుడే, వాడి నోటితోనే చెప్పించాలి. తొంభయ్యో కిలోమీటరు దగ్గర ఆ చర్చ కుదరదు.

తిండి ఏం పెట్టాలి? ఆ ఖరీదైన జెల్లులే (పొట్లం చించి మింగే తీపి గుజ్జు) కొనాలా?

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలన్నది మామూలు లెక్క. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. జెల్లులు మొదటి నాలుగైదు గంటలు బాగానే పోతాయి, తర్వాత ఆ తీపంటేనే వాడికి వెగటు పుడుతుంది. అక్కడ మన వంటిల్లు ఆదుకుంటుంది. ఉప్పేసి ఉడికించిన ఉర్లగడ్డ ముక్కలు, బొరుగుల ఉండలు, ఇడ్లీ, కాస్త ఉప్పెక్కువ వేసిన పెరుగన్నం గోరుముద్దలుగా. చెనిక్కాయ ఉండలు రుచే గానీ కొవ్వు ఎక్కువ కాబట్టి అరగడం ఆలస్యం, ఒకటికి మించి ఇవ్వకండి.

రాత్రి పన్నెండు దాటాక ఫ్లాస్కులోంచి వేడివేడి మిరియాల చారు ఒక గ్లాసు ఇచ్చి చూడండి. అరగంట క్రితం నడుస్తున్నవాడు పరిగెత్తడం మొదలుపెడతాడు. అందులో ఉప్పుంది, నీళ్లున్నాయి, వేడి ఉంది. అమ్మ కూడా ఉంది అంటాడు మా వాడు. రాగి అంబలి కూడా మంచిదే, కానీ ఇంట్లో రోజూ తాగేవాడికే. పరుగు రోజున ఏదీ మొదటిసారి పెట్టకూడదు. ప్రతి పదార్థాన్నీ అంతకుముందు ఆదివారం పరుగుల్లో రెండుమూడుసార్లు తినిపించి చూడాలి.

బండిలో ఏమేం పెట్టుకోవాలి?

అందరూ గుర్తుంచుకునేవి వదిలేసి, మరిచిపోయేవి చెబుతాను. తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్‌కు మార్పు బ్యాటరీలు. అర సైజు పెద్ద బూట్లు, ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి. వ్యాసలీన్ పెద్ద డబ్బా, సూది, స్పిరిట్, అంటుకునే టేపు, కత్తెర. పాత తుండుగుడ్డలు నాలుగు. మడత కుర్చీ ఒక్కటే, రెండోది పెడితే ఇద్దరూ కూర్చుని కబుర్లలో పడతారు. చిల్లర నోట్లు. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలు పది. ప్రతి డబ్బా మీద లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. చీకట్లో పంచదార, ఉప్పు ఒకేలా ఉంటాయి.

పరిగెత్తేది మా స్నేహితురాలు. వేరే ఏమైనా చూసుకోవాలా?

మరుగుదొడ్లు. హైవే మీద శుభ్రంగా ఉండే పెట్రోల్ బంకులు ఎక్కడెక్కడున్నాయో ముందే ఒకసారి తిరిగి రాసుకోండి. అవి లేని దూరానికి బండి రెండు తలుపుల మధ్య దుప్పటి కట్టుకునే ఏర్పాటు ఉండాలి. తేదీలతో నిమిత్తం లేకుండా ప్యాడ్లు పెట్టుకోండి, చాలా దూరం పరిగెత్తేటప్పుడు నెలసరి చెప్పాపెట్టకుండా రావచ్చు. సహాయ బృందంలో ఇంకో ఆడమనిషి ఉంటే ఒరుసుకుపోయిన చోట్ల గురించి ఆమె మొహమాటం లేకుండా చెబుతుంది. చీకటి పడ్డాక రోడ్డు మీద ఒంటరిగా వదలొద్దు. పక్కన పరిగెత్తలేకపోతే స్కూటీ మీదైనా ఎవరో ఒకరు కనుచూపు మేరలో ఉండాలి.

## పరుగు రోజు, పగలు

వాడు నా దగ్గర ఆగినప్పుడు ఏం అడగాలి?

వీలైనంతవరకు ఏమీ అడక్కండి. "ఏం కావాలి?" అన్నారంటే మీ పని వాడి నెత్తిన పెట్టినట్టే. ఎనిమిది గంటలు పరిగెత్తినవాడికి అరటిపండా, ఇడ్లీయా అని తేల్చుకోవడం కూడా భారమే. సీసా మార్చి చేతిలో పెట్టండి. ఇడ్లీ చూపించండి, వద్దంటే అరటిపండు చూపించండి. టోపీ తడిపి తలకు పెట్టండి. మూత్రం ఎప్పుడు పోశాడు, ఏ రంగులో వచ్చింది, పాదంలో ఎక్కడైనా మంట ఉందా, ఈ రెండే ప్రశ్నలు. జవాబులు టైముతో సహా నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత ఎక్కడ ఆగుతారో ఒక్కమాటలో చెప్పి పంపేయండి. మూడు నిమిషాలు చాలు. కుర్చీలో కూర్చున్నవాడు లేవడానికి పది నిమిషాలు పడుతుంది, అందుకే పాదాలు చూడాల్సివస్తే తప్ప కుర్చీ బయటికి తియ్యకండి.

నీళ్లు ఎంత తాగించాలి? ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

కాదు. నేను ఘోరంగా చేసిన తప్పు ఇదే. రెండోసారి వెళ్లినప్పుడు జనవరి రాత్రి, చలి. అయినా ఆగిన ప్రతిచోటా బతిమాలి అర లీటరు మామూలు నీళ్లు తాగించాను. డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర వాడు తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు. ఒంట్లో నీళ్లు తగ్గాయనుకుని ఇంకా పోశాను. అప్పుడు వాడు చెయ్యి చూపించి "మామా, ఉంగరం రావడం లేదు" అన్నాడు. వేళ్లు బూరెల్లా ఉబ్బి, వాచీ పట్టీ మణికట్టులోకి దిగిపోయింది. తెలిసిన డాక్టర్‌కు ఫోన్ చేస్తే మొదటి మాట, "నీళ్లు ఆపు."

దాన్ని హైపోనాట్రీమియా అంటారు. ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. లీటరుకు 135 మిల్లీమోల్‌లకన్నా దిగితే తక్కువన్నట్టు. ముదిరితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. మా వాడికి మొదట్లోనే ఆగింది. నీళ్లు ఆపి, ఉప్పు ఎక్కువగా ఉన్న చారు గుక్కెడు గుక్కెడు ఇచ్చాం. గంటన్నరకు ధారగా మూత్రం వచ్చాక తేరుకున్నాడు. ఆ పరుగు అక్కడితో సరి.

కాబట్టి దాహం వేస్తే తాగనివ్వండి, బలవంతం చెయ్యకండి. ఎండలో ఎక్కువ పడుతుంది, రాత్రి బాగా తగ్గుతుంది. బయల్దేరే ముందు బరువు చూసి రాసుకోండి, మధ్యలో ఒకసారి చూడండి. ఒకటి రెండు కిలోలు తగ్గడం మామూలే. పెరిగితే ప్రమాదం. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో పూర్తిగా కలపాలి, సగం సగం కాదు. అయితే ఓఆర్ఎస్ అయినా దాహానికి మించి పట్టిస్తే ఇదే ముప్పు. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అవి ఓఆర్ఎస్‌కు బదులు కావు.

ఎండకు ఎలా చల్లబరచాలి?

టోపీలో ఐస్ ముక్కలు, మెడ చుట్టూ ఐస్ చుట్టిన తుండుగుడ్డ, ముంజేతుల మీద నీళ్లు. ఇవి మామూలు అలసటకు. మాట తడబడుతూ, తూలుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందనుకోవాలి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకండి. బట్టలు వదులు చేసి, ఐస్ డబ్బాలో ఉన్న నీళ్లన్నీ ఒంటిమీద పోసి, తడిగుడ్డలు మార్చి మార్చి కప్పుతూ విసరండి. దగ్గర్లో పొలం తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడదాకా అందులో కూర్చోబెట్టండి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి.

బొబ్బలు వస్తే పగలగొట్టాలా?

చిన్నదైతే టేపు వేసి వదిలెయ్యండి. అడుగేస్తే నొప్పెట్టేంత పెద్దదైతే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు తియ్యండి, పైతోలు మాత్రం పీకొద్దు. లోపల రక్తం ఉంటే ముట్టుకోవద్దు. మంట అని చెప్పిన నిమిషంలోనే చూడటం అన్నిటికన్నా ముఖ్యం. "తర్వాత చూద్దాంలే" అన్నారంటే ఆ తర్వాత చూసేది కుంటుకుంటూ నడిచే మనిషినే.

వాంతి చేసుకున్నాడు. ఇక ఆపేయాలా?

ఒక వాంతికే కాదు. పది నిమిషాలు నడిపించండి, నోరు పుక్కిలించనివ్వండి, ఏమీ పెట్టకండి. తర్వాత గ్యాస్ పోయిన కోక్ రెండు గుక్కలు, లేదా ఒక అల్లం ముక్క. మళ్లీ మళ్లీ అవుతూ ఏదీ నిలవకపోయినా, తలనొప్పి, మత్తు తోడైనా ఆపాలి.

మోకాలు నొప్పి అంటున్నాడు. మాత్ర ఇవ్వొచ్చా?

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. గంటల తరబడి పరిగెత్తే శరీరంలో మూత్రపిండాలకు రక్తం ముందే తక్కువగా అందుతుంది, ఆ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మందుల షాపులో ఒళ్లునొప్పులకని అడిగితే చేతిలో పెట్టే కాంబిఫ్లామ్‌లో కూడా ఐబుప్రోఫెన్ ఉంటుంది. మాత్ర వేస్తే తప్ప అడుగు పడనంత నొప్పి అంటే ఆగమని శరీరం చెబుతున్నట్టు.

వాడితో కొంచెం దూరం నేనూ పరిగెత్తొచ్చా?

పోటీ అయితే నియమాలు చదవండి. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పరుగులో 62 మైళ్లు దాటాక తోడు పరుగుకు ఒప్పుకుంటారు. స్పార్టథ్లాన్‌లో అసలు ఒప్పుకోరు. సహాయం అందించే చోట్లకు కూడా హద్దులు ఉంటాయి. హద్దు బయట ఒక్క సీసా అందించినా కొన్నిచోట్ల మీవాడి పేరు కొట్టేస్తారు.

## రాత్రి

అర్ధరాత్రి దాటాక రోడ్డు పక్కన ఎవరో కూర్చున్నారని అంటున్నాడు. భయపడాలా?

నిద్రలేమికి చెట్లు మనుషుల్లా, బండలు పశువుల్లా కనబడతాయి. చాలామందికి జరిగేదే. మా వాడికి పూతలపట్టు దగ్గర మైలురాళ్లన్నీ పిల్లులయ్యాయి. పేరు, ఊరు, ఇవాళ ఏ వారం అని అడగండి. చక్కగా చెప్పి, వాడే నవ్వితే భయం లేదు. తప్పు చెబితే అది నిద్ర కాకపోవచ్చు, కూర్చోబెట్టి ఉంగరం బిగుసుకుందా, ఒళ్లు వేడిగా ఉందా చూడండి.

పది నిమిషాలు పడుకుంటానంటున్నాడు. పడుకోనివ్వనా?

పడుకోనివ్వండి. కాఫీ తాగించి, దుప్పటి కప్పి, పదిహేను, ఇరవై నిమిషాలకు అలారం పెట్టండి. మీ ఫోన్‌లో, మీ చేతిలో. కాఫీ పనిచేయడం మొదలయ్యే వేళకు లేస్తాడు. లేచాక చలితో వణుకుతాడు, పొడి బనియన్ సిద్ధంగా ఉంచండి.

కుక్కలు, అడవి జంతువుల సంగతేంటి?

ఊరు మొదట్లో, ఊరు చివర కుక్కలుంటాయి. పరుగు ఆపి నడవమనండి, చేతిలో కర్ర కనబడితే చాలు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం పక్క రోడ్లలో రాత్రిపూట పరుగే పెట్టుకోవద్దు, అవి ఏనుగులు తిరిగే దారులు. తలకోన వైపు అడవి బాటలకు అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకండి.

నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. బాధగా ఉంది.

తిట్టింది వాడు కాదు, వాడి ఖాళీ కడుపు. అరటిపండు ఇవ్వండి.

## ఆపాలా, సాగాలా

"ఇక నావల్ల కాదు" అంటున్నాడు. ఏం చెప్పాలి?

అవుననొద్దు, కాదనొద్దు. "సరే, ముందు ఇది తిను" అనండి. తిన్నాక "ఆ కరెంటు స్తంభం దాకా నడిచి రా, తర్వాత మాట్లాడదాం" అనండి. అరగంట తర్వాత కూడా అదే మాట అంటే, తిని, తాగి, ఒళ్లు వెచ్చబడ్డాక కూడా అంటే, అది నిజమైన మాట. అప్పుడు మర్యాదగా బండి తలుపు తియ్యండి. సాగదీయడానికి బతిమాలకండి, "ఇంత ఖర్చు పెట్టి వచ్చాం" అని మాత్రం అస్సలు అనకండి.

వాడు పోతానన్నా నేను ఆపాల్సింది ఎప్పుడు?

మాట తికమకగా ఉన్నప్పుడు, ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు, స్పృహ తప్పినప్పుడు, బరువు పెరిగి చేతులు ఉబ్బి తలనొప్పి ఉన్నప్పుడు, మూత్రం కోలా రంగులో వచ్చినప్పుడు, సరిగ్గా నిలబడలేక లారీల వైపు తూలుతున్నప్పుడు. వీటిలో ఏ ఒక్కటి చాలు. తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. తిరుపతిలో రుయా, స్విమ్స్, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి. ఆ క్షణానికి ఏది దగ్గరో నోట్‌బుక్‌లో ముందే రాసి ఉండాలి. ఎన్ని గంటలుగా పరిగెత్తుతున్నాడో, ఎన్ని నీళ్లు తాగాడో డాక్టర్‌కు చెప్పండి. లేకపోతే నీరసం అనుకుని సెలైన్ పెట్టేసే ప్రమాదం ఉంది. సోడియం పలచబడ్డవాడికి అన్ని సెలైన్లూ పనికిరావు.

వాళ్లమ్మ ప్రతి గంటకూ ఫోన్ చేస్తోంది. ఏం చెప్పను?

నిజం, చిన్నగా. "చారు తాగినాడమ్మా, నడస్తా ఉండాడు." ఫోన్ వాడికి ఇవ్వకండి. "ఇంటికొచ్చేయ్ నాయనా" అన్న ఒక్క మాటకు వంద కి.మీ. సాధన ఆవిరైపోతుంది.

## అయిపోయాక

ముగించగానే కూర్చోబెట్టాలా?

వెంటనే వద్దు. ఆగిపోగానే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాలు మెల్లగా నడిపించండి. తూలితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. తడిబట్టలు మార్చండి. ఆకలి లేదంటాడు, గంట తర్వాత మీ ప్లేటు కూడా లాక్కుంటాడు. రెండోరోజు కూడా మూత్రం ముదురు రంగులో వస్తుంటే, సరిగ్గా రాకపోతే, రక్తపరీక్షకు తీసుకెళ్లండి. చితికిన కండరాల నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇంటికి బండి ఎవరు నడపాలి?

నిద్రపోయినవాళ్లు. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే లాడ్జిలో నాలుగు గంటలు పడుకోండి. వాడు వంద కి.మీ. క్షేమంగా పరిగెత్తాక మీరు పాకాల దగ్గర డివైడర్ ఎక్కించడం న్యాయం కాదు.

అనుకున్నది సాధించాడు, అయినా నాలుగు రోజులుగా దిగులుగా ఉన్నాడు.

మామూలే. ఆరు నెలలు పొద్దున్నే లేపిన పని ఒక్కసారిగా లేకుండా పోయింది. రెండు వారాలు పరుగు మాటెత్తకండి. సాయంత్రం కపిలతీర్థం దాకా నడుద్దాం రా అని పిలవండి, చాలు. కొత్త పోటీకి డబ్బు కట్టబోతే ఓ నెల ఆగమనండి.

ఖర్చులు ఎవరివి?

డీజిల్, తిండి, గది పరిగెత్తేవాడివి. సెలవు, నిద్ర మీవి. ముందే చెప్పుకోండి, లేకపోతే ఇద్దరూ మొహమాటపడి మూడోవాడి చేత కట్టిస్తారు. మా వాడు నాలుగో పరుగయ్యాక నా బండికి ముందు టైర్లు రెండూ మార్పించాడు. వెనకవి ఐదో పరుగుకు అన్నాడు.